ముందు బిడ్డను చూడండి, తర్వాతే స్వాబ్
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. వానలు పడి దగ్గులు, జలుబులు మొదలైతే చాలు, "ఇది అదేనేమో" అన్న భయం ఇంట్లో మళ్లీ లేస్తుంది. కరోనా అనుమానంతో ఎమర్జెన్సీకి తెచ్చిన పిల్లల్ని ఎలా చూడాలి, ఏది ముందు, ఏది తర్వాత అని అడుగుతూ తల్లిదండ్రులు, నర్సులు, పీహెచ్‌సీ డాక్టర్లు, 108 సిబ్బంది రాసిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఇందులో కొన్ని మోతాదులు ఆసుపత్రిలో పనిచేసేవారి కోసమే. అలాంటి చోట ఆ మాట చెప్పాం. వాటిని ఇంట్లో ప్రయత్నించకండి.

మూడేళ్ల బాబుకు రెండు రోజులుగా జ్వరం, దగ్గు. పోయిన వారం ఇంట్లో పెద్దవాళ్లకు కొవిడ్ వచ్చింది. ముందు టెస్టు చేయించి, రిపోర్టు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలా? ఏం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?
– ఒక తల్లి, ఖమ్మం

రిపోర్టు కోసం ఆగకండి. చాలామంది పిల్లల్లో కొవిడ్ మామూలు జలుబులాగే వచ్చి పోతుంది. ఎమర్జెన్సీలో డాక్టరు ముందుగా తేల్చుకునేది బిడ్డకు ఇప్పుడు ప్రాణాపాయం ఉందా లేదా అని. ఏ వైరస్ అన్నది గంట తర్వాత తెలిసినా నష్టం లేదు.

డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా, పెదాలు, నాలుక నీలంగా మారినా, లేపినా సరిగా లేవకుండా మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఏడెనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా ఆ క్షణమే బయల్దేరండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. థర్మామీటర్‌లో ఎంత చూపించిందన్న దానికన్నా, జ్వరం కాస్త దిగాక బాబు ఎలా ఉన్నాడన్నదే ఎక్కువ చెబుతుంది. 103 జ్వరం ఉన్నా, మందు పడ్డాక లేచి బొమ్మ కోసం గొడవ చేస్తే కొంత నిబ్బరంగా ఉండొచ్చు. 100 మాత్రమే ఉన్నా, జ్వరం దిగాక కూడా మూలన ముడుచుకుని పడుకుంటే చూపించాల్సిందే.

వయసు మూడు నెలల లోపైతే ఈ లెక్క పనికిరాదు. ఆ పసికందులకు 100.4 డిగ్రీలు దాటితే, చూడ్డానికి బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. నెల లోపు పిల్లలకైతే జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడినా అంతే ప్రమాదం. ఈ వయసులో రక్తంలో ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు అన్నీ ఒకే తీరుగా మొదలవుతాయి. కొవిడ్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అవి లేవని అనుకోవడానికి లేదు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లలు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, సికిల్ సెల్ ఉన్న పిల్లలు కూడా జ్వరం వస్తే ఇంట్లో ఆగకూడదు. ఆదిలాబాద్, పాడేరు వైపు ఏజెన్సీ ఊళ్లలో ఉండేవాళ్లు ఈ చివరి మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మా క్యాజువాలిటీలో దగ్గు, జ్వరంతో పిల్లలు వరసకట్టి వస్తారు. అందరికీ అన్నీ చూసేంత తీరిక ఉండదు. మొదటి నిమిషంలో ఏం చూస్తే ఎవరిని ముందు లోపలికి పంపాలో తెలుస్తుంది?
– స్టాఫ్ నర్సు, జిల్లా ఆసుపత్రి

చెయ్యి వేయకముందే సగం తెలిసిపోతుంది. బిడ్డ తల్లి ఒడిలో ఉండగానే, నాలుగడుగుల దూరం నుంచి మూడు సంగతులు చూడండి. స్టెతస్కోప్ పెట్టగానే పిల్లలు ఏడుస్తారు. ఏడిస్తే ఊపిరి, నాడి, రంగు అన్నీ మారిపోతాయి. అందుకే చూపు ముందు, చెయ్యి తర్వాత.

మొదటిది బిడ్డ తీరు. తల్లి పిలిస్తే తల తిప్పుతోందా, చేతిలో బిస్కెట్ పట్టుకుందా, ఏడుపులో బలం ఉందా? మిమ్మల్ని చూసి గట్టిగా ఏడ్చి తల్లి మెడ పట్టుకునే పిల్ల కొంతసేపు ఆగగలదు. సూది చూపించినా పట్టనట్టు భుజం మీద వాలిపోయిన పిల్ల ఆగలేదు. రెండోది ఊపిరి. చొక్కా పైకెత్తించి చూడండి. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుంటోందా, ముక్కు పుటాలు ఎగురుతున్నాయా, ఊపిరి తీసిన ప్రతిసారీ తల ఊగుతోందా? మూలుగు వినిపిస్తే అది నొప్పికి మూలుగు అనుకోకండి. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు మూసుకుపోకుండా బిడ్డ గొంతు బిగపట్టి గాలి వదులుతుంటే వచ్చే చప్పుడు అది. మూడోది రంగు. మన పిల్లల ఒంటిరంగులో నీలం, తెల్లదనం బుగ్గల మీద తెలియవు. నాలుక, పెదాల లోపలి వైపు, అరచేతులు, గోళ్లు చూడండి. కాళ్ల మీద చర్మం పాలరాయిలా మచ్చలు మచ్చలుగా ఉంటే రక్తప్రసరణ తగ్గుతోందని అర్థం.

ఈ మూడింట్లో ఒక్కటి తేడాగా ఉన్నా బిడ్డను వరస తప్పించి లోపలికి పంపండి. మూడూ బాగుంటే కూర్చోబెట్టి, తీరిగ్గా ఊపిరి లెక్కపెట్టండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం అలవాటైపోయింది. అలా చేస్తే రెండు ఊపిర్లు తప్పిపోయినా లెక్కలో ఎనిమిది తేడా వస్తుంది. పైగా చంటిపిల్లలు కాసేపు గబగబా తీసి, కాసేపు ఆపి, మళ్లీ తీస్తారు. అందుకే పూర్తిగా 60 సెకన్లు, గడియారం చూస్తూ, పాలు తాగనప్పుడు, ఏడవనప్పుడు లెక్కపెట్టాలి. దుప్పటి పైనుంచి కాదు, పొట్ట కనిపించేలా. నిమిషానికి రెండు నెలల లోపు 60, రెండు నుంచి పదకొండు నెలల వరకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల వరకు 40, ఆపైన 30. అంతకు చేరినా, దాటినా అది ఎగశ్వాస. హద్దు మీద ఉంటే మరోసారి లెక్కపెట్టండి. ఒళ్లు కాలిపోతున్నప్పుడు ఊపిరి కొంత పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక కూడా చూడండి. కానీ డొక్కలు ఎగరేస్తుంటే జ్వరం దిగేదాకా కాచుకోవద్దు.

తర్వాత పాదాలు ముట్టుకోండి. చల్లగా ఉంటే రొమ్ము ఎముక మీద బొటనవేలితో 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి 3 సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే, నాడి వేగంగా, సన్నగా ఉంటే బిడ్డ షాక్‌లో ఉన్నట్టే. మగతగా ఉన్న ప్రతి బిడ్డకూ వేలి చుక్క రక్తంతో షుగర్ చూడండి. రెండు రోజులుగా తిండి లేని చంటిపిల్లల్లో షుగర్ పడిపోవడం మామూలే. దాన్ని ఎవరూ చూడకుండా మెదడు జ్వరం అనుకుని గంటలు పోగొట్టుకోవడం కూడా జరుగుతుంది.

ఇక అంటు సంగతి. దగ్గే పిల్లలకు కిటికీలు తెరిచి ఉన్న వేరే మూల కేటాయించండి. తోడు వచ్చిన పెద్దవాళ్లకు మాస్కు ఇవ్వండి. అయిదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు మాస్కు అక్కర్లేదు. బిడ్డను తల్లి నుంచి విడదీయకండి. మీరు ఎన్‌95 పెట్టుకోవడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం తప్ప, కొవిడ్ అనుమానం ఉందని ఎరుపు గుర్తు (వెంటనే చూడాల్సిన) బిడ్డను ఒక్క క్షణం కూడా బయట ఆపడానికి కారణం లేదు.

8 నెలల పాపకు ఇంట్లో ఆక్సీమీటర్ పెడితే 86 చూపించింది. పరుగున తీసుకెళ్తే ఆసుపత్రిలో 98 వచ్చింది. ఏది నమ్మాలి?
– ఒక తండ్రి, విశాఖపట్నం

ఆసుపత్రి అంకెనే. ఇంట్లోది పెద్దవాళ్ల వేలికి చేసిన క్లిప్పు. పాప వేలు అందులో సగం కూడా నిండదు. వెలుతురు వేలిలోంచి కాకుండా పక్కనుంచి దూరిపోయి అంకె తప్పుతుంది. చంటిపిల్లలకు పట్టీలా చుట్టే సెన్సర్ వాడతారు. దాన్ని పాదానికో కాలి బొటనవేలికో చుట్టినప్పుడు వెలుగు వచ్చే ముక్క, దాన్ని అందుకునే ముక్క సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. కాలు చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబరచాలి. కాలు కదిపితే అంకె తప్పుతుంది. అర నిమిషం ఆగి, తెర మీది నాడి అల నిలకడగా వస్తున్నప్పుడే చదవాలి. ఇంకో సులువు ఉంది. మిషన్ చూపించే నాడి అంకెను స్టెతస్కోప్‌తో లెక్కపెట్టిన గుండె వేగంతో పోల్చి చూడాలి. రెండూ కలవకపోతే ఆక్సిజన్ అంకెను కూడా పట్టించుకోనక్కర్లేదు. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేళ్లను వదిలేయాలి.

నిలకడగా 94, ఆపైన ఉంటే ఆక్సిజన్ వరకు భయం లేదు. 90 నుంచి 93 మధ్య అయితే ఆసుపత్రిలో చేర్చాలి. 90 కన్నా తక్కువైతే అది తీవ్రం. చామనఛాయ, నలుపు ఒంటిరంగు వాళ్లలో ఈ మిషన్ అసలుకన్నా కొంచెం ఎక్కువ చూపించవచ్చు. అందుకే అంకె 95 ఉన్నా డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను "ఆక్సిజన్ బాగానే ఉంది" అని ఇంటికి పంపకూడదు. పన్నెండేళ్లు దాటినవాళ్లను పెద్దవాళ్ల కనుసన్నల్లో 6 నిమిషాలు గదిలో నడిపించి చూసే పద్ధతి ఉంది. నడిచాక 94 కన్నా కిందికి పడినా, మొదటి అంకె కన్నా 3 నుంచి 5 తగ్గినా పరీక్ష తేడాగా ఉన్నట్టు. కూర్చున్నప్పుడే ఆయాసపడే పిల్లల్ని, ఉబ్బసం అదుపులో లేనివాళ్లను నడిపించకూడదు.

ఎగశ్వాస ఉంది, కానీ రెండు వైపులా ఛాతీ శుభ్రంగా వినిపిస్తోంది, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98. ఇంట్లో కొవిడ్ ఉంది కాబట్టి అదే అనుకోవచ్చా?
– మెడికల్ ఆఫీసర్, పీహెచ్‌సీ

అనుకోకండి. ఎగశ్వాస ఉన్న ప్రతి బిడ్డకూ ఊపిరితిత్తుల జబ్బే ఉండాలని లేదు. రక్తంలో ఆమ్లం పెరిగితే దాన్ని బయటికి పంపడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. అప్పుడు డొక్కలు ఎగరవు, దగ్గు ఉండదు. ఊపిరి లోతుగా, గబగబా, శ్రమ లేనట్టు సాగుతుంది. నాలుక ఎండి, మూత్రం ఎక్కువగా పోస్తూ, నాలుగు వారాల్లో బరువు తగ్గిందని తల్లి చెబితే వెంటనే షుగర్, మూత్రంలో కీటోన్లు చూడండి. మొదటిసారి బయటపడే చక్కెర జబ్బు చాలాసార్లు ఇలాగే "న్యుమోనియా" పేరుతో వస్తుంది. విరేచనాలతో ఒళ్లెండిపోయిన బిడ్డ కూడా ఇలాగే ఊపిరి తీస్తుంది.

మూడోది గుండె కండరం వాపు. దీన్ని పట్టుకోవాలంటే రెండు పనులు చేయండి. నాడిని జ్వరంతో పోల్చండి. ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ జ్వరానికి నాడి సుమారు 10 పెరుగుతుంది. జ్వరం దిగాక కూడా నాలుగేళ్ల పిల్లాడి నాడి 160 ఉంటే దానికి వేరే కారణం ఉన్నట్టే. రెండోది, కుడి డొక్క కింద కాలేయం అంచును వేళ్లతో పట్టి, అక్కడ పెన్నుతో గీత గీయండి. ఆ గీత ఎందుకో తర్వాతి జవాబులో చెబుతున్నాం.

తొమ్మిదేళ్ల బాబుకు నాలుగు రోజులుగా జ్వరం, కడుపునొప్పి, వాంతులు, ఎర్రని కళ్లు. ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్. ప్లేట్‌లెట్లు 1,10,000. ఒకరు డెంగీ అంటున్నారు, ఒకరు అపెండిక్స్ అంటున్నారు. నెల కిందట ఇంటిల్లిపాదికీ జలుబు చేసింది. ఇది కొవిడ్ తర్వాత వచ్చేదేనా?
– డ్యూటీ డాక్టర్, ఏరియా ఆసుపత్రి

ఆ నెల కిందటి జలుబు మీరు అడిగి తెలుసుకున్నారు, అదే ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ముక్క. కరోనా సోకి తగ్గిపోయాక, రెండు నుంచి ఆరు వారాల మధ్య, కొద్దిమంది పిల్లల్లో ఒళ్లంతా వాపు రేగుతుంది. దీన్ని ఎంఐఎస్-సీ అంటారు. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు మొదట హెచ్చరించారు. ఒమిక్రాన్ వచ్చాక బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇది వచ్చేసరికి ముక్కులో వైరస్ ఉండకపోవచ్చు. కాబట్టి స్వాబ్ నెగెటివ్ రావడం దీన్ని కాదనడానికి చాలదు. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ రావడమో, కొవిడ్ ఉన్నవాళ్లతో మసలినట్టు తెలియడమో కావాలి.

మూడు రోజులు, ఆపైన జ్వరం ఉంటే వీటిలో కనీసం రెండు ఉన్నాయేమో వెతకండి: ఒంటిమీద దద్దు, పుసి లేని ఎర్రకళ్లు, పగిలిన పెదాలు, ఎర్రని నాలుక, చేతులు కాళ్ల వాపు (ఇవన్నీ కలిపి ఒకటి), బీపీ పడిపోవడం, గుండె దెబ్బతిన్న గుర్తులు, రక్తం గడ్డకట్టడంలో తేడా, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. మీ బాబుకు కళ్లు, కడుపు రెండూ ఉన్నాయి. కడుపునొప్పి ఎంత తీవ్రంగా ఉంటుందంటే అపెండిక్స్ అని ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లిన పిల్లలున్నారు. అల్ట్రాసౌండ్ చేయించండి. అపెండిక్స్ మామూలుగా ఉండి, పేగు దగ్గర గ్రంథులు ఉబ్బి, కడుపులో కొద్దిగా నీరు కనిపిస్తే ఇటువైపు ఆలోచించండి.

మన దగ్గర ఆగస్టు నుంచి నవంబరు వరకు డెంగీ కూడా ఇదే వేషంలో వస్తుంది. ప్లేట్‌లెట్లు రెండింట్లోనూ తగ్గుతాయి కాబట్టి వాటిని చూసి తేల్చలేం. డెంగీలో తెల్లకణాలు తగ్గుతాయి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతుంది, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) అంతగా పెరగదు. ఎంఐఎస్-సీలో తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం పెరిగి లింఫోసైట్లు అనే రకం తగ్గుతాయి, సీఆర్‌పీ బాగా ఎక్కువ ఉంటుంది, సోడియం 135 కన్నా కిందికి పోతుంది, అల్బుమిన్ పడిపోతుంది. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 చేయించండి. జ్వరం నాలుగు రోజులు దాటిన బిడ్డను పూర్తిగా బట్టలు విప్పి చంకలు, గజ్జలు, చెవి వెనక, జుట్టు లోపల నల్లని పెచ్చు ఉందేమో చూడండి. స్క్రబ్ టైఫస్ మచ్చ అక్కడే దాక్కుంటుంది. ఆ ఒక్క మచ్చ దొరికితే డాక్సీసైక్లిన్‌తో రోజు రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది.

బీపీ విషయంలో ఓ మాట. పెద్దవాళ్ల పట్టీ పిల్లల చేతికి కడితే తక్కువ చూపిస్తుంది, మరీ చిన్న పట్టీ ఎక్కువ చూపిస్తుంది. భుజానికీ మోచేతికీ మధ్య మూడింట రెండు వంతులు కప్పే పట్టీ కట్టాలి. ఏడాది నుంచి పదేళ్ల వరకు పై అంకెకు దిగువ హద్దు 70కి వయసుకు రెట్టింపు కలిపితే వస్తుంది. తొమ్మిదేళ్లకు 88. అంతకన్నా తగ్గేదాకా చూస్తూ కూర్చోకండి. పిల్లల్లో బీపీ చివరికి పడుతుంది, నాడి ముందే పరుగెడుతుంది. ఈ జబ్బులో చేతులు వెచ్చగా ఉండి, నొక్కిన చోట రంగు మెరుపులా తిరిగొచ్చి, కింది అంకె మాత్రం బాగా పడిపోయే షాక్ కూడా వస్తుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు.

షాక్ ఉంటే సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ కిలోకు 10 మి.లీ. చొప్పున ఇచ్చి ఆగండి. అప్పుడు కాలేయం అంచు మీరు గీసిన గీత దాటి కిందికి దిగిందా, ఊపిరి వేగం పెరిగిందా, ఊపిరితిత్తుల అడుగున చిటపటలు వినిపిస్తున్నాయా చూడండి. ఏ ఒక్కటి కనిపించినా నీళ్లు ఆపి గుండెకు బలమిచ్చే మందుల వైపు వెళ్లాలి. గుండె నీరసించిన బిడ్డకు సీసా మీద సీసా ఎక్కిస్తే ఆ నీరే ముంచేస్తుంది. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే రక్తపరీక్ష) చేయించి, ఎకో (గుండె స్కాన్) ఉన్న చోటికి పంపండి. అక్కడ ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలోకు 2 గ్రాములు, స్టెరాయిడ్ ఇస్తారు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కాదని తేలేదాకా బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ మొదలుపెట్టే పంపండి. ఆ మొదటి డోసు ఇవ్వకుండా మూడు గంటల ప్రయాణానికి బిడ్డను ఎక్కించకండి.

అర్ధరాత్రి రెండేళ్ల పాప కుక్క మొరిగినట్టు దగ్గుతోంది. ఊపిరి తీసేటప్పుడు గొంతులో కీచుమంటోంది. ఇది కూడా కొవిడేనా?
– ఒక తల్లి, కర్నూలు

కావచ్చు. ఒమిక్రాన్ పైశ్వాసనాళాన్ని ఎక్కువగా పట్టడంతో 2022 మొదట్లో ఈ దగ్గు చాలా దేశాల్లో పెరిగింది. పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని ఏడవనివ్వకుండా తీసుకెళ్లండి. ఏడిస్తే వాచిన గొంతు ఇంకా ఇరుకవుతుంది. గొంతులోకి టార్చి వేసి, చెంచా పెట్టి చూడకండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా కీచు వినిపిస్తే ఆలస్యం చేయొద్దు. చొంగ కారుతూ, మింగలేక, ముందుకు వంగి కూర్చుంటే అది వేరే జబ్బు, ఇంకా ప్రమాదం. ఆసుపత్రిలో పనిచేసేవారికి: డెక్సామెథసోన్ కిలోకు 0.6 మి.గ్రా. ఒకే డోసు, నోటితో ఇచ్చినా సరే. ఊరికే ఉన్నప్పుడూ కీచు ఉంటే 1:1000 అడ్రినలిన్ కిలోకు 0.5 మి.లీ., 5 మి.లీ. మించకుండా నెబ్యులైజ్ చేయండి. దాని పని రెండు గంటల్లో అయిపోతుంది కాబట్టి పాపను కనీసం మూడు నాలుగు గంటలు కళ్లముందే ఉంచుకోండి.

జ్వరం మందు ఎంత పోయాలి? ఆవిరి పట్టొచ్చా? కర్పూరం, వాము మూటగట్టి మెడలో వేయమంటున్నారు.
– ఒక అమ్మమ్మ, తెనాలి

పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, రోజులో నాలుగుసార్లు మించకుండా. ఇందులో ఒక్క ఉచ్చు ఉందమ్మా. డ్రాప్స్, సిరప్ ఒకటి కావు. డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 125 ఉండేది, 250 ఉండేది రెండూ అమ్ముతారు. పది కిలోల మనవడికి 150 మి.గ్రా. కావాలంటే డ్రాప్స్ ఒకటిన్నర మి.లీ., 125 సిరప్ అయితే 6 మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని డ్రాప్స్ 6 మి.లీ. పోస్తే నాలుగింతలు పడుతుంది, కాలేయానికి ముప్పు. సీసా మీద అంకె చదివి, సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి. ఇంట్లో చెంచాలు వద్దు. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. డెంగీ కాదని తెలిసేదాకా ఐబుప్రోఫెన్ కూడా వద్దు.

ఆవిరి పట్టొద్దు. వైరస్ మీద దానికి పనిలేదు. మరుగుతున్న గిన్నె ఒలికి తొడలు, పొట్ట కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. కర్పూరం అసలే వద్దు. మూట విప్పి చిన్న బిళ్ల నోట్లో వేసుకుంటే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. పూజ గదిలోదైనా పిల్లలకు అందని చోట పెట్టండి. మీరు చేయగలిగిన గొప్ప వైద్యం ఓఆర్‌ఎస్, గంజి, పల్చని మజ్జిగ గుక్క గుక్కగా పట్టించడం. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ మొదలుపెట్టండి.

అనుమానం ఉన్న ప్రతి పిల్లవాడికీ టెస్టు, ఎక్స్‌రే, సీటీ చేయాలా?
– హౌస్ సర్జన్, గుంటూరు

తేలిగ్గా ఉన్నవాళ్లకు ఏదీ అక్కర్లేదు. చేర్చుకునేవాళ్లకు, ఆపరేషన్ ఉన్నవాళ్లకు, తీవ్రంగా ఉన్నవాళ్లకు టెస్టు చేయండి. ర్యాపిడ్ యాంటీజెన్ నెగెటివ్ వచ్చినా అనుమానం గట్టిగా ఉంటే ఆర్‌టీపీసీఆర్ చేయాలి. స్వాబ్ పుల్లను ముక్కులో పైకి కాదు, అంగిలికి సమాంతరంగా చెవి వైపుకు పోనివ్వాలి. బిడ్డ తల్లి ఒడిలో వీపు ఆనించి కూర్చోవాలి, తల్లి ఒక చెయ్యి నుదుటి మీద, ఒక చెయ్యి బిడ్డ చేతుల మీద ఉండాలి. ఎక్స్‌రే ఆయాసం ఉంటేనే. సీటీ దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. తేలిక కొవిడ్‌కు స్టెరాయిడ్ ఇవ్వొద్దు, ఆక్సిజన్ అవసరం పడినవాళ్లకే దానితో మేలు.

ఆయాసంతో ఉన్న పిల్లవాణ్ణి పెద్దాసుపత్రికి తరలించేటప్పుడు ఏం జాగ్రత్తలు?
– 108 టెక్నీషియన్

బయల్దేరే ముందే ఆక్సిజన్ లెక్క చూసుకోండి. నిండు బి-టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు వాడితే రెండున్నర గంటలు. మీటరు సగం చూపిస్తే అందులో సగమే. ప్రయాణానికి పట్టే సమయానికి రెట్టింపు ఉంటేనే కదలండి. ఘాట్ రోడ్డు, లెవెల్ క్రాసింగ్ ఎవరి చేతిలోనూ ఉండవు.

ముక్కు గొట్టాలతో నెలలోపు పసికందుకు అర నుంచి ఒక లీటరు, ఏడాది లోపు పిల్లలకు 1 నుంచి 2, పెద్ద పిల్లలకు 1 నుంచి 4 లీటర్లు. సంచి ఉన్న మాస్కైతే 10 నుంచి 15. ముందు సంచి నిండనిచ్చి తర్వాత ముఖానికి పెట్టండి. మామూలు మాస్కుకు 5 లీటర్ల కన్నా తగ్గించొద్దు, వదిలిన గాలినే బిడ్డ మళ్లీ పీలుస్తుంది. మాస్కు చూసి పిల్లవాడు గింజుకుంటే ముక్కు గొట్టాలే మేలు. గింజుకునే శ్రమకే సగం ఆక్సిజన్ ఖర్చవుతుంది. తల్లి పక్కనే ఉండాలి, వీలైతే ఒళ్లో కూర్చోబెట్టుకునే రావాలి. ఫిట్స్ వచ్చి 5 నిమిషాలు దాటితే డాక్టరు సలహాతో మిడజోలామ్ ముక్కు స్ప్రే కిలోకు 0.2 మి.గ్రా. ఇవ్వండి. పది నిమిషాలకోసారి ఊపిరి, నాడి, శాచురేషన్ రాసి ఉంచండి. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డ ఉన్నట్టుండి "నెమ్మదించి", ఊపిరి లెక్క తగ్గి, మగతలోకి జారితే తగ్గిందనుకోకండి, అలసిపోయిందని అర్థం. అప్పుడు అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతిలోకి తీసుకోవాలి.

నాకు కొవిడ్ పాజిటివ్. మూడు నెలల బాబుకు పాలివ్వొచ్చా?
– ఒక తల్లి, సిద్దిపేట

ఇవ్వండి. పాల ద్వారా వైరస్ సోకుతుందన్న భయం వద్దు. మాస్కు పెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని పట్టండి. మీకు బాగా నీరసంగా ఉంటే పాలు పిండి, శుభ్రమైన గిన్నెలోంచి చెంచాతో పట్టించవచ్చు. బాబుకు 100.4 దాటినా, ఎప్పుడూ తాగేదానిలో సగం కూడా తాగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.